తిరుగు ఎత్తు

కిందటి వారం మనం కళ్లద్దాలావిడను మేడ మీద, చేతిలో రిమోటుతో, నోట మాట లేకుండా వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మధ్యలో ఈ కథ చేతికి తీసుకున్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. విషయం పెద్దదే గానీ నాలుగు ముక్కల్లో చెప్పేయవచ్చు.

ఆవిడ కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. భర్త పోయి ఏడాది దాటింది. ఆ మహానుభావుడు బతికున్నప్పుడు డ్రోన్ల సరదా ఉన్నవాళ్లందరినీ పోగేసి ఊరి చివర మైదానంలో ఒక క్లబ్బు పెట్టాడు. పేరుకి సరదాయే, ఆయన చాదస్తం మాత్రం అంతా ఇంతా కాదు. నూట ఇరవై మీటర్ల హద్దు దాటి ఎవరైనా ఎగరేస్తే రిమోటు లాక్కునేంత పని చేసేవాడు. దానికి తోడు ఇంకో ఆచారం పెట్టాడు. బ్యాటరీ అడుగంటినా, సిగ్నల్ తెగిపోయినా డ్రోన్ తనంతట తానే ఇంటిముఖం పడుతుంది. ముందు మనం పెట్టి ఉంచిన ఎత్తుకు నిటారుగా లేస్తుంది, తర్వాత బయల్దేరిన చోటికి తిన్నగా వస్తుంది. దాన్నే క్లబ్బువాళ్లు తిరుగు ఎత్తు అంటారు. పదిమంది ఒకేచోట ఎగరేస్తుంటే తిరిగొచ్చేటప్పుడు రెండు గుద్దుకోవూ? అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో తిరుగు ఎత్తు పంచిపెట్టాడు. నలభై నుంచి మొదలు, అయిదేసి మీటర్ల ఎడం. మైదానంలో షెడ్డు తలుపు మీద పెయింటుతో రాయించాడు కూడా.

పోనుపోను జనం పేర్లు పక్కన పెట్టి అంకెలతోనే పిలుచుకోవడం మొదలుపెట్టారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు నలభై. పళ్ల డాక్టరు అరవై అయిదు. అందరికంటే పైన ఎనభై అయిదు, ఆయనే. "మరి నా అంకె ఏది?" అని కూతురు పేచీ పెడితే, "నువ్వు సున్నావి. నీ దగ్గర్నుంచేగా మేమంతా లెక్కపెట్టుకునేది" అన్నాడట. అప్పట్నుంచి ఆ పిల్ల అందరికీ సున్నాయే.

ఆయన మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ కప్పు మీంచి పడిపోయాడు. డ్రోన్ అక్కడ చిక్కుకుంటే తీసుకోవడానికి ఒంటరిగా ఎక్కాడని, కాలు జారిందని తేల్చారు. అందరికంటే ముందు అక్కడికి పరిగెత్తినవాడు సొంత తమ్ముడు. డ్రోనూ రిమోటూ మాత్రం దొరకనే లేదు. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారని అనుకుని ఊరుకున్నారు.

ఇదిగో, కొన్నాళ్లుగా సాయంత్రాలు ఒక డ్రోన్ వచ్చి సున్నా గది కిటికీ ముందు నిలబడుతోంది. ఊరికే నిలబడి చూస్తుంది. తల్లి పరదా వేస్తే పక్క కిటికీకి జరుగుతుంది. పోలీసులకు కంప్లయింటు ఇస్తే, ఎవరిదో తెలిస్తే చెప్పండి అన్నారు. అందుకే ఆవిడ మాస్టారిని తోడు తెచ్చుకుని మేడ మీద కాపు కాసింది. బ్యాటరీ అయిపోవచ్చి ఆ డ్రోన్ పైకి లేవగానే, భర్త వదిలి వెళ్లిన చిన్న డ్రోన్‌ని దాని పక్కకి లేపింది. కెమెరాను తిన్నగా పెట్టి, అది సరిగ్గా తెర మధ్య గీత మీదికి వచ్చేదాకా లేపి, రెండూ ఒకే ఎత్తుకి వచ్చాక తన తెర మీద అంకె చదివింది. అరవై అయిదు. మరుక్షణం అది పడమటి వైపు ఎండలోకి వెళ్లి కనుమరుగైంది.

ఇక పదండి.

"అమ్మాయ్, ఇంకోసారి చూసుకో," అన్నారు నలభై మాస్టారు.

"చూసుకున్నాను మాస్టారూ. కదలకుండా నిలబడింది. అరవై అయిదే."

"అంటే మన డాక్టరా? ఛఛ! దోమని చంపాలన్నా చేతులు వణికే మనిషి."

"పళ్లు పీకేటప్పుడు వణకవుగా."

డాక్టరు క్లినిక్కు కూడా పడమటి వైపే, ఇదే రోడ్డు మీద. పైగా భర్త పోయిన దగ్గర్నుంచి ఆ డాక్టరు ఈ గుమ్మం తొక్కలేదు. బజార్లో ఎదురైతే తల తిప్పుకుని పోయేవాడు. అన్నీ కూడుకుంటుంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ స్నేహితుడు పోయిన దిగులుతో డాక్టరు ముఖం చాటేస్తున్నాడనుకుని జాలిపడింది కూడా. తన జాలి తలుచుకుంటే తనకే ఒళ్లు మండింది.

"ఇప్పుడే వెళ్లి అడిగేస్తాను," అంది.

"అడుగుదువు గానీ, పాపని ఒంటరిగా ఎలా వదులుతావ్?"

దానికి ఆలోచించాల్సిన పనేముంది? మరిది ఉన్నాడు. భర్త పోయాక కుళాయి కారినా, ఫ్యాను తిరగకపోయినా, పిల్లకి జ్వరమొచ్చినా ఆవిడ వేలు వెతుక్కునేది ఆ ఒక్క నంబరే. అతనికి కింది వీధి చివర కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే షెడ్డు ఉంది. కింది వీధి అంటే వీళ్ల భవనం వెనకాలే, కాకపోతే బాగా లోతున. వీళ్ల రోడ్డు గట్టు మీద ఉంటే ఆ వీధి గట్టు అడుగున ఉంటుంది. అక్కణ్ణుంచి పైకి రావాలంటే చుట్టూ తిరిగి రావాలి.

మేడ దిగి ఇంట్లోకి వచ్చి ఫోను చేసింది. పిలిచీ పిలవకముందే వచ్చేశాడు. ఆయాసపడుతున్నాడు. చేతులకు నల్లటి వార్నిష్, భుజాన పనిముట్ల సంచి.

"ఏమైంది వదినా, ముఖం అలా ఉంది?"

"అది ఎవరిదో తెలిసిపోయింది."

సంచి దించబోతున్న అతని చెయ్యి పట్టీ మీదే ఆగింది. "ఎవరిది?"

"అరవై అయిదుది."

అతను తెల్లమొహం వేశాడు. అన్నగారి క్లబ్బన్నా, ఆ అంకెలన్నా అతనికి మొదట్నుంచీ ఎగతాళే. గడ్డాలొచ్చాక బొమ్మలేంటి అనేవాడు. మైదానం వైపు ఒక్కసారి కూడా రాలేదు. "మీ లెక్కలు నాకేం తెలుస్తాయి వదినా? మనిషిని చెప్పు."

"పళ్ల డాక్టరు."

"డాక్టరా!" అతను నిండుగా ఊపిరి వదిలాడు. సంచి దించి జాగ్రత్తగా, చప్పుడు కాకుండా గోడవారగా పెట్టాడు. "నేను ఎప్పుడో అనుకున్నా. అన్నయ్య పోయినప్పుడే వాడి వాలకం నాకు నచ్చలేదు. వెళ్లు వదినా. మొహమాటపడకు. నలుగురూ వినేట్టు దులిపెయ్. సున్నాని నేను చూసుకుంటాగా."

నేల మీద బోర్లా పడుకుని బొమ్మ గీసుకుంటున్న సున్నా తలెత్తింది. ఎనిమిదేళ్ల పిల్ల. తండ్రి నుదురు, తండ్రి మొండితనం.

"అమ్మా, డాక్టరుగారిది కాదు. అది నాన్నదే. నీకు చెప్పాగా, ఎడమ కన్ను కొడుతుంది."

ఆయన డ్రోన్ ఒకసారి చెట్టుకు తగిలి పడ్డాక ముందున్న రెండు దీపాల్లో ఎడమది సరిగ్గా వెలిగేది కాదు, మిణుకు మిణుకుమనేది. అది చూసి తండ్రీ కూతుళ్లు నవ్వుకునేవాళ్లు. కానీ దీపం మిణుకుమనే డ్రోన్లు లోకంలో సవాలక్ష ఉంటాయి. పోయిన మనిషి కోసం పిల్ల ఇలా కిటికీ దగ్గర కాచుకుని కూర్చోవడం చూడలేకే ఆవిడ పరదా వేసేస్తుంది.

"మళ్లీ మొదలుపెట్టకు," అని కసిరింది.

"పోనీలే వదినా, చిన్నపిల్ల." మరిది వంగి పిల్ల తల నిమిరాడు. "నాన్నదేనే తల్లీ. నాన్నే పంపించాడు. ఎవరితోనూ అనకు, సరేనా?"

పిల్ల ముఖం వెలిగిపోయింది. ఈ మనిషే లేకపోతే తన బతుకు ఏమయ్యేదో అనుకుంది ఆవిడ. అలా అనుకునే చెప్పులు వేసుకుని, మాస్టారిని వెంటపెట్టుకుని బయల్దేరింది.

పళ్ల డాక్టరు క్లినిక్కు మొదటి అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కితే ముందు రోడ్డు మీదికి చూసే చిన్న వరండా, దాని వెంట గది, గదికి వరండాలోకి తెరుచుకునే పెద్ద కిటికీ. లోపల లవంగ నూనె వాసన. ఎత్తిన కుర్చీలో ఒక బట్టతల పెద్దమనిషి నోరు బార్లా తెరుచుకుని పడుకుని ఉన్నాడు. నోట్లో రబ్బరు గుడ్డ, చెంపల్లో దూది, పెదవికి వేలాడే గొట్టం. డాక్టరు ఆయన మీదికి వంగి, ముఖానికి మాస్కు, కళ్లకు భూతద్దాలు కట్టుకుని సన్నటి సూదిలాంటిదేదో తిప్పుతున్నాడు. యంత్రం జుయ్యిమంటోంది.

ఆవిడను చూడగానే ఆ చప్పుడు ఆగింది.

"వదినగారూ! మీరా?"

"నేనే. మీరింత పని చేస్తారని కల్లో కూడా అనుకోలేదు డాక్టరుగారూ."

"ఏ పనండీ?"

"ఏ పనో మీకు తెలీదా? తండ్రి లేని పిల్ల కిటికీలోకి రోజూ తొంగిచూసే పని. సిగ్గులేదూ? మిమ్మల్ని ఆయన సొంత తమ్ముడికంటే ఎక్కువ చూసుకున్నాడే! మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నారు మీరు!"

బట్టతల పెద్దమనిషి కళ్లు రెండూ ఇంతింతలయ్యాయి. "ఆఁ! ఆఁ!" అన్నాడు.

"మీరు నోరు ముయ్యకండి," అని డాక్టరు ఆయన గడ్డం పట్టుకుని, ఆవిడ వైపు తిరిగాడు. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మాస్టారూ, మీరైనా చెప్పండి."

మాస్టారు తలవంచుకుని జరిగింది చెప్పారు. అంకె వినగానే డాక్టరు మాస్కు లాగేశాడు. ఆ ముఖంలో రంగు లేదు.

"ఇవాళే? ఇప్పుడే?"

"పావుగంట కాలేదు."

"వదినగారూ, మధ్యాహ్నం భోజనమయ్యాక ఈయన్ని కుర్చీలో పడుకోబెట్టాను. వేరుకి మందు పెట్టడం. అప్పట్నుంచీ నా రెండు చేతులూ ఈయన నోట్లోనే ఉన్నాయి. మూడో చెయ్యి ఉంటే చూపించండి, నరికించుకుంటాను."

మాస్టారు కుర్చీ దగ్గరికి వెళ్లి అడిగారు. "నిజమేనాండీ? ఈయన మధ్యలో లేచి వెళ్లలేదా?" పెద్దమనిషి తల అడ్డంగా ఊపబోయి, నొప్పేసి, చెయ్యెత్తి బొటనవేలు చూపించాడు. పాపం ఆయనకి ఆ కుర్చీలో ఇంత నాటకం చూడాల్సొస్తుందని ఉదయం లేచేటప్పుడు తెలియదు.

ఆవిడ కోపం ఎక్కడ నిలబడాలో తెలియక తడబడింది. "మరి మా ఇంటి వైపు రావడమే ఎందుకు మానేశారు? నన్ను చూసి ముఖం ఎందుకు తిప్పుకున్నారు?"

డాక్టరు చేతి తొడుగులు ఊడదీశాడు. ఒకటి తొందరగానే వచ్చింది, రెండోది ఎంతకీ రాలేదు.

"ఆ రోజు ఫ్యాక్టరీకి అన్నగారితో నేను వెళ్లాల్సింది. తెలుసా మీకు? చివరి నిమిషంలో ఒక పిల్లాడు పన్ను విరగ్గొట్టుకుని వచ్చాడు. రాలేనని ఫోన్ చేశాను. పర్లేదయ్యా, నాకు తోడు దొరికింది, నువ్వు నీ పని చూసుకో అన్నారు."

"తోడా?" ఆవిడకు ముందు ఆ మాట చెవిలోకి పోలేదు. "ఒక్కరే ఎక్కారని అన్నారుగా."

"అదే నేనూ అడిగాను. మీ మరిదిగారిని అడిగాను. ఎవరూ లేరు, అన్నయ్య అలాగే అంటుంటాడు, ఇప్పుడివన్నీ తవ్వి వదిన్ని చంపకండి, దయచేసి కొన్నాళ్లు ఇంటికి రాకండి అని చేతులు పట్టుకున్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత మీ ముఖం చూడాలంటే ధైర్యం చాల్లేదు."

కింద రోడ్డు మీద ఎవరో స్టార్టు కాని బండికి కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. ఆవిడ గోడకి చేరబడింది. నమ్మాలో వద్దో తెలియలేదు. మనుషుల మాట ఎటైనా తిరుగుతుంది గానీ, తాను కళ్లారా చదివిన అంకె?

"అంకె అబద్ధమాడదుగా డాక్టరుగారూ," అంది నీరసంగా. "అరవై అయిదు మీదేగా?"

"నాదే. కాదనడం లేదు." డాక్టరు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఉన్నట్టుండి తలెత్తాడు. "మీ డ్రోన్ ఎక్కణ్ణుంచి లేపారు?"

"మా మేడ మీంచి."

"మైదానంలోంచి కాదు."

"మైదానం ఎక్కడ, మా ఇల్లెక్కడ?"

"అదేనండీ నేననేది! మీ తెర మీద పడే ఎత్తు మీ మేడ మీంచి లెక్క. మీది బయల్దేరిన చోటే దానికి సున్నా. ఆ రెండో దానికి అది బయల్దేరిన చోటు సున్నా. నేనిక్కడ ఈ వరండాలోంచి లేపాననుకోండి. మీ మేడ నాకంటే మూడంతస్తులు పైన. అంతస్తుకి మూడు చొప్పున తొమ్మిది మీటర్లు. నాది ఇక్కణ్ణుంచి అరవై అయిదు లేస్తే మీ తెర మీద యాభై ఆరు పడాలి. అరవై అయిదు ఎలా పడుతుంది?"

నలభై మాస్టారు ఫెళ్లున నుదురు కొట్టుకున్నారు. "ఓరి నా తెలివి తెల్లారా! ఇన్నేళ్లూ ఒకే గడ్డి మీంచి లేపీ లేపీ బుర్ర మొద్దుబారిపోయిందయ్యా. అందరి సున్నా ఒకటే అనుకున్నాం!"

నిజమే. ఇంకో ఊరివాళ్లెవరైనా అయితే ముందు ఆ ప్రశ్నే అడిగేవాళ్లు. తలుపు మీద పెయింటు వేసిన ఆ అంకెలతో పిలుచుకుని పిలుచుకుని, వీళ్లకు ఆ అంకె ఎత్తు అని మరుపొచ్చింది, మనిషి అనుకున్నారు.

"అయితే ఎక్కణ్ణుంచి లేచింది?" అంది ఆవిడ. అడిగింది వాళ్లని కాదు.

రోడ్డు మీంచి లేచి ఉంటే? మేడకీ రోడ్డుకీ తేడా పదమూడు మీటర్లు. అరవై అయిదూ పదమూడూ డెబ్బై ఎనిమిది. క్లబ్బులో అలాంటి అంకె ఎవరికీ లేదు, అన్నీ అయిదో ఎక్కంలోవే. రోడ్డు కాదు. ఇంకా కిందనుంచి. ఇంకా కింద అంటే...

ఆవిడకు ఒక సెలవురోజు గుర్తొచ్చింది. భర్త మేడ వెనకవైపు పిట్టగోడ మీద వంగి, టేపు చివర రాయి కట్టి కిందికి వదులుతున్నాడు. సున్నా ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకుని, నాన్నా పడిపోతావ్ అని అరుస్తోంది. తాను వంటింటి కిటికీలోంచి తిడుతోంది. గట్టు అడుగున, కింది వీధిలో, టేపు చివర అందుకోవడానికి ఒక మనిషి చేతులు చాచి నిలబడి ఉన్నాడు. అందగానే నేలకి ఆనించి పట్టుకున్నాడు. "ఎంత?" అని కింది నుంచి కేక. "సరిగ్గా ఇరవై మీటర్లు!" అని పై నుంచి కేక.

అరవై అయిదూ ఇరవై.

"ఎనభై అయిదు," అంది ఆవిడ పైకి.

కుర్చీలో పెద్దమనిషి కూడా కదలడం మానేశాడు. ఆ అంకె ఎవరిదో ఆయనకి తెలియదు గానీ, ఆ ముగ్గురి ముఖాలు చూస్తే తెలియాల్సింది తెలిసింది.

"అన్నగారి డ్రోన్," అన్నాడు డాక్టరు మెల్లగా.

పిల్ల చెబుతూనే ఉంది. ఎడమ కన్ను కొడుతుందమ్మా అని చెబుతూనే ఉంది. తాను కసిరింది.

"క్లబ్బువాళ్లు కాదమ్మా," అన్నారు మాస్టారు. "మనవాళ్లలో ఎవడి చేతికొచ్చినా ముందు ఆ అంకె మార్చేసేవాడు. అది చూస్తే ఎవరిదో ఇట్టే పట్టేస్తామని తెలుసు కాబట్టి. ఇది ఎగరేస్తున్నవాడికి మన ఆచారం తెలీదు. తిరుగు ఎత్తు అనేది ఒకటుందనే తెలీదు. అది దొరికింది దొరికినట్టే వాడుకుంటున్నాడు."

మీ లెక్కలు నాకేం తెలుస్తాయి వదినా.

టేపు చివర పట్టుకుని నిలబడింది ఎవరు? కింది వీధి పడమటి చివర షెడ్డు ఎవరిది? డ్రోన్ ఎండలో కలిసిపోయిన కాసేపటికే, అంత చుట్టు తిరగాల్సిన దారిన, పిలిచీ పిలవకముందే ఆయాసపడుతూ వచ్చింది ఎవరు? ఆ సంచిని పనిముట్ల సంచిలా విసిరెయ్యకుండా, గాజు సామానులా అంత పదిలంగా ఎందుకు దించాడు?

నాకు తోడు దొరికింది.

"పాప," అంది. "పాపని నేనే... నా చేతులతో నేనే..."

"కూర్చోండి వదినగారూ, కూర్చోండి." డాక్టరు కుర్చీ పక్కనున్న కుళాయిలోంచి, రోగులు పుక్కిలించడానికి పెట్టిన కాగితం కప్పులోకి నీళ్లు పట్టడం మొదలుపెట్టాడు. "మాస్టారూ, మీరు పోలీసులకి చెయ్యండి. త్వరగా."

మాస్టారు ఫోను పట్టుకుని మెట్ల వైపు వెళ్లారు. ఆవిడ కూర్చోలేదు. కిటికీకి వీపు పెట్టి నిలబడి మరిది నంబరు నొక్కింది. పిల్లని తీసుకుని ఎటైనా వెళ్లిపోతే? ముందు ఎక్కడున్నారో తెలియాలి. ఏమీ తెలియనట్టు మాట్లాడాలి. గొంతు వణక్కూడదు. దేవుడా, గొంతు మాత్రం వణక్కూడదు.

అవతల ఎత్తింది సున్నా.

"అమ్మా! బాబాయి చేతులు ఖాళీగా లేవు, నన్నెత్తమన్నాడు."

ఫోన్లో గాలి హోరుమంటోంది. ఇంట్లో అంత గాలి రాదు.

"ఎక్కడున్నారే?"

"అది చెప్పకూడదు. సర్‌ప్రైజ్." పిల్ల నవ్వాపుకోలేకపోతోంది. "అమ్మా, నేను చెప్పింది నిజమే. నువ్వే నమ్మలేదు. బాబాయ్, బాబాయ్, ఇక్కడ అంకె ముందు గీత పడిందేంటి? మైనస్ తొమ్మిది అంటోంది!"

మైనస్. బయల్దేరిన చోటికంటే కిందికి దిగితేనే అలా పడుతుంది. అంటే మేడ మీంచి లేపాడు. మేడ మీద ఉన్నారు. ఆవిడ ఆలోచన అక్కడే తెగిపోయింది, ఎందుకంటే ఫోన్లో పిల్ల వెనకనుంచి అతని గొంతు వినిపించింది. కంగారు లేదు, తొందర లేదు, రోజూ ఇంట్లో వినే గొంతే.

"పిట్టగోడ మీద అటూ ఇటూ కదలకు బంగారూ. అమ్మ భయపడుతుంది. ఫోను స్పీకర్లో పెట్టు." తర్వాత ఇంకా దగ్గరగా, "వదినా, ఏమన్నాడు డాక్టరు? ఒప్పుకున్నాడా?"

ఒప్పుకున్నాడంటే పిల్లని దించుతాడు. మామూలు మనిషిలా కిందికి తీసుకొస్తాడు. ఆ ఒక్క అబద్ధం మీద తన కూతురు కూర్చుని ఉంది. ఆవిడ పిడికిలి బిగించి, ఒక్కసారి గొంతు సవరించుకుంది.

"ఒప్పుకున్నాడు," అంది. నిబ్బరంగానే అంది. "కాళ్ల మీద పడి ఏడుస్తున్నాడు. నేను వచ్చేస్తున్నా. సున్నాని కిందికి తీసుకురా, ఎండకి తలనొప్పి వస్తుంది దానికి."

డాక్టరు నీళ్ల కప్పు ఆవిడ చేతికి అందిస్తూ, మరో చేత్తో భుజం తట్టాడు. కుర్చీలో పెద్దమనిషి "ఆఁ! ఆఁ!" అంటూ కిటికీ వైపు వేలు చూపిస్తున్నాడు. యంత్రం జుయ్యిమంటోంది. డాక్టరు ఆ యంత్రం ఆపి చాలాసేపయిందని, ఈ చప్పుడు తన వీపు వెనక కిటికీలోంచి వస్తోందని ఆవిడకు అప్పుడు తట్టింది.

ఫోన్లో సున్నా గొంతు సంతోషంతో కీచుమంది. "అమ్మా, నువ్వు కనిపిస్తున్నావ్!"

ఆ వెంటనే మరిది, అదే మెత్తటి గొంతుతో అడిగాడు.

"కాళ్ల మీద పడ్డవాడు నీకు మంచినీళ్లిస్తున్నాడేంటి వదినా?"